సీఎన్‌సీ మెషీన్‌కి మెమరీ కార్డ్‌తో ఫైల్ పంపుతున్నారా? ‘కాపీ అయింది’ అంటే సరిపోదు

మన సైట్‌లో మెమరీ కార్డ్ అంటే సాధారణంగా ఫోన్‌కో, కెమెరాకో, డ్రోన్‌కో సంబంధించిన మాట. స్పీడ్ ఎంత, 4కే వీడియో ఆగకుండా రికార్డ్ అవుతుందా, ధర ఎంత అని చూస్తాం. ఈసారి మాత్రం 2 జీబీ కార్డ్ గురించి మాట్లాడుకుందాం. అవును, 2 జీబీనే. అదీ ఇనుము, అల్యూమినియం కోసే మెషీన్‌లో పెట్టే కార్డ్.

హైదరాబాద్ బాలానగర్‌లో మా బాబాయ్‌కి చిన్న జాబ్‌వర్క్ షాపు ఉంది. అందులో సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఒక వర్టికల్ మెషీనింగ్ సెంటర్. కంట్రోలర్ ఫానక్ 0ఐ-ఎంసీ. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని కాబట్టి శనివారాలు అక్కడికి వెళ్లి క్యామ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రోగ్రామ్‌లు చేసి, కార్డ్‌లో వేసి ఇచ్చేవాణ్ని. ‘ఫైల్ కాపీ చేయడమేగా, అందులో ఏముంది’ అనుకునేవాణ్ని.

ఒకసారి కస్టమర్ డ్రాయింగ్ మార్చాడు. అల్యూమినియం హౌసింగ్‌లో పాకెట్ లోతు 12 మిల్లీమీటర్ల నుంచి 9.5కి తగ్గింది. నేను ప్రోగ్రామ్ మార్చి, పాత నంబర్‌తోనే, 2150 పేరుతోనే కార్డ్‌లో వేసి ఇచ్చా. సోమవారం ఆఫీసులో ఉండగా బాబాయ్ ఫోన్. నాలుగు పీసులూ 12 మిల్లీమీటర్ల లోతుకే కోసేశాయి. మెటీరియల్ కస్టమర్‌ది. అంతకుముందు మూడు ఆపరేషన్లు అయిపోయిన పీసులు. నాలుగూ స్క్రాప్.

ముందు మాట పడింది మెషీన్ నడిపే అన్నకి. ఆయన మాత్రం ఒకటే మాట: “నువ్వు ఇచ్చిన కార్డే కదా తమ్మీ, అదే పెట్టిన. ఎర్ర అలారం ఒకటొచ్చింది, రీసెట్ కొట్టిన.” ఆ అలారం నంబర్ 073. అంటే ‘ఈ నంబర్‌తో ప్రోగ్రామ్ నా దగ్గర ముందే ఉంది’ అని. మెషీన్ కొత్త ఫైల్‌ని తీసుకోలేదు. మెమరీలో ఉన్న పాత 2150నే నడిపింది. ఆయన చేసిన తప్పు చిన్నది. అసలు తప్పు నాది. కార్డ్‌లోకి కాపీ అయింది కాబట్టి మెషీన్‌లోకీ వెళ్లినట్టే అనుకున్నా.

అప్పటి నుంచి ఈ చిన్న పనిని మొదటి నుంచీ నేర్చుకున్నా. నేర్చుకున్నది ఇక్కడ వరసగా పెడుతున్నా. మెనూలు, పారామీటర్లు అన్నీ ఫానక్ 0ఐ-సీ తరానివి. వేరే కంట్రోలర్ అయితే బటన్లు మారతాయి కానీ జాగ్రత్తలు దాదాపు అవే.

అసలు ఏ కార్డ్ కొనాలి?

ఈ తరం ఫానక్‌లో స్క్రీన్ పక్కన చిన్న మూత ఉంటుంది. దాని కింద ఉన్నది పాత ల్యాప్‌టాప్‌లలో ఉండే పీసీఎంసీఐఏ స్లాట్. అందులోకి ఒక అడాప్టర్, ఆ అడాప్టర్‌లోకి కాంపాక్ట్ ఫ్లాష్ కార్డ్. శాన్‌డిస్క్ 1994లో తెచ్చిన ఫార్మాట్ ఇది. ఫొటోగ్రాఫర్లు దాదాపు వదిలేసినా, షాప్ ఫ్లోర్‌లో ఇంకా బతికే ఉంది. కార్డ్‌కి 50 పిన్నులు, స్లాట్‌కి 68. అడాప్టర్‌లో తెలివేమీ ఉండదు, ఆ పిన్నులను ఈ పిన్నులకు కలిపే వైరింగ్ అంతే.

కొనేటప్పుడు చూడాల్సినవి:

- సైజ్: 2 జీబీ లేదా అంతకంటే తక్కువ. పాత కంట్రోలర్లకు ఫ్యాట్16 ఫార్మాట్ సేఫ్. ఆ ఫార్మాట్‌కి మామూలుగా 2 జీబీ పరిమితి.
- పేరు: సీఫాస్ట్, సీఎఫ్ ఎక్స్‌ప్రెస్ అనేవి వేరే జాతి. పేరులో సీఎఫ్ ఉన్నా ఇందులో పని చేయవు. ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేసేటప్పుడు ఈ పొరపాటు చాలా తేలిగ్గా జరుగుతుంది.
- అడాప్టర్: మామూలు 16 బిట్ అడాప్టర్ తీసుకోండి. ‘హై స్పీడ్ 32 బిట్ కార్డ్‌బస్’ అని ఎక్కువ ధరకు దొరికేది ఇక్కడ పనికిరాదు.
- స్పీడ్: 133 రెట్లు, 800 రెట్లు అని కార్డ్ మీద ఉండే నంబర్లు మర్చిపోండి. ఇక్కడ ఫైల్ సైజ్ కేబీల్లో ఉంటుంది. ఆ డబ్బుతో ఇండస్ట్రియల్ గ్రేడ్ కార్డ్ వస్తే అది మేలు.
- ఎస్‌డీ కార్డ్‌ని సీఎఫ్‌గా మార్చే అడాప్టర్: వద్దు. అడాప్టర్ మీద అడాప్టర్ వేస్తే లూజ్ కాంటాక్ట్ అయ్యే చోట్లు పెరుగుతాయి. వైబ్రేషన్, కూలెంట్ తడి ఉండే చోట అది తలనొప్పి.

ఇంకో చిట్కా. స్లాట్ లోపలి పిన్నులు సన్నగా ఉంటాయి. కార్డ్‌ని వంకరగా నెడితే వంగిపోతాయి, అప్పుడు రిపేర్ స్క్రీన్ యూనిట్‌దే. అందుకే మేం అడాప్టర్‌ని స్లాట్‌లోనే వదిలేసి సీఎఫ్ కార్డ్‌ని మాత్రమే మారుస్తున్నాం. పిన్ను వంగితే వంద రూపాయల్లో పోయే అడాప్టర్‌లో వంగుతుంది. మూత మాత్రం ఎప్పుడూ మూసే ఉంచాలి.

ఫార్మాట్: విండోస్ చెప్పింది ఓకే అనకండి

నేను మొదట చేసిన పని, ఇంట్లో కెమెరాకి వాడిన 32 జీబీ కార్డ్ తెచ్చి పెట్టడం. పీసీలో చక్కగా తెరుచుకుంది, మెషీన్‌లో లిస్ట్ ఖాళీ. కార్డ్ పోయిందేమో అనుకున్నా. పోలేదు, దాని ఫార్మాట్ మెషీన్‌కి అర్థం కాలేదు.

విండోస్‌లో ఫార్మాట్ బాక్స్ తెరిస్తే ఫైల్ సిస్టమ్ దగ్గర ఫ్యాట్, ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్, ఎన్‌టీఎఫ్ఎస్ కనిపిస్తాయి. ఇందులో నంబర్ లేకుండా ఉత్త ‘ఫ్యాట్’ అని ఉన్నదే ఫ్యాట్16. కార్డ్ పెద్దదైతే ఆ ఆప్షనే కనపడదు. అందుకే చిన్న కార్డ్ కొనమన్నది. పెద్ద కార్డ్‌లో చిన్న పార్టిషన్ చేసి వాడే దారి ఉంది కానీ, రేపు ఇంకొకరు దాన్ని మామూలుగా ఫార్మాట్ కొట్టేస్తే కథ మళ్లీ మొదటికే.

ఫైల్ పేరు కూడా పాత డాస్ పద్ధతిలోనే ఉండాలి. ఎనిమిది అక్షరాలు, చుక్క, మూడు అక్షరాలు. ‘హౌసింగ్ ఫైనల్ కొత్తది 2’ లాంటి పేర్లు మన డెస్క్‌టాప్‌కే పరిమితం. స్పేస్‌లు, తెలుగు అక్షరాలు, చిన్న అక్షరాలు వద్దు.

ఫైల్ లోపల ఏం ఉండాలి?

జీ కోడ్ ఫైల్ అంటే మామూలు టెక్స్ట్ ఫైలే, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. కానీ కంట్రోలర్‌కి కొన్ని పట్టింపులు ఉన్నాయి.

మొదటి లైన్‌లో % గుర్తు ఒక్కటే ఉండాలి. చివరి లైన్‌లోనూ అంతే. ఇది కాగితం టేపుల కాలం నాటి అలవాటు. అప్పట్లో ప్రోగ్రామ్‌ని చిల్లులు పొడిచిన టేపు మీద పెట్టేవాళ్లు. టేపుని వెనక్కి చుట్టేటప్పుడు ఎక్కడ ఆగాలో చెప్పే గుర్తే ఈ %. టేపు పోయింది, గుర్తు మిగిలింది. అందుకే ఫైల్ మధ్యలో, కామెంట్‌లో కూడా ఈ గుర్తు వాడకండి. ‘ఫీడ్ 10% తగ్గించాం’ అని సరదాగా రాస్తే, ఫైల్ అక్కడితో అయిపోయిందని కంట్రోలర్ అనుకునే ప్రమాదం ఉంది.

రెండో లైన్‌లో ప్రోగ్రామ్ నంబర్. ఇంగ్లిష్ అక్షరం ‘ఓ’, దాని తర్వాత నాలుగు అంకెలు. అది సున్నా కాదు. కొన్ని ఫాంట్లలో రెండూ ఒకేలా కనిపిస్తాయి, జాగ్రత్త. 9000 నుంచి 9999 వరకు నంబర్లు మనం వాడకూడదు. టూల్ మార్చడం లాంటి పనులకు మెషీన్ తయారుచేసినవాళ్లు రాసిన మాక్రోలు సాధారణంగా అక్కడే ఉంటాయి.

కోడ్ అంతా పెద్ద అక్షరాల్లోనే ఉండాలి. సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ ఆన్సీ పెట్టండి. వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో పంపిన కోడ్‌ని కాపీ పేస్ట్ చేస్తే మైనస్ గుర్తు బదులు పొడుగు గీత వచ్చి కూర్చోవచ్చు. మన కంటికి రెండూ గీతలే, మెషీన్‌కి కాదు. అందుకే టెక్స్ట్‌గా పేస్ట్ చేయకుండా ఫైల్‌నే అటాచ్ చేసి పంపించుకోండి.

మెషీన్‌లోకి చదివించడం: స్టెప్ బై స్టెప్

1. ఎండీఐ మోడ్‌లో పెట్టి, ఆఫ్‌సెట్/సెట్టింగ్ బటన్ నొక్కి, సెట్టింగ్ స్క్రీన్‌లో ఐ/ఓ ఛానల్ దగ్గర 4 ఇవ్వండి. 4 అంటే మెమరీ కార్డ్. ఇది పారామీటర్ 20. ఇక్కడ 0 లేదా 1 ఉంటే మెషీన్ సీరియల్ కేబుల్ కోసం ఎదురుచూస్తుంది. ‘కార్డ్ పని చేయట్లేదు’ అనే ఫిర్యాదు వస్తే మేం ముందు చూసేది ఇదే.
2. ప్యానెల్ మీద ప్రోగ్రామ్ ప్రొటెక్ట్ తాళం ఉంటుంది. దాన్ని తెరిచిన వైపు తిప్పండి.
3. ఎడిట్ మోడ్, ప్రోగ్రామ్ బటన్. స్క్రీన్ కింది బటన్లలో కుడివైపు బాణం నొక్కుతూ పోతే ‘కార్డ్’ వస్తుంది. నొక్కితే ఫైల్స్ లిస్ట్, ప్రతిదాని ముందు ఒక వరస నంబర్, పక్కన సైజ్, తేదీ.
4. ఆపరేషన్ బటన్, తర్వాత ‘ఎఫ్ రీడ్’. ఫైల్ వరస నంబర్ టైప్ చేసి ‘ఎఫ్ సెట్’. ఏ ప్రోగ్రామ్ నంబర్‌తో మెమరీలోకి రావాలో టైప్ చేసి ‘ఓ సెట్’. చివరికి ‘ఎగ్జిక్యూట్’.
5. స్క్రీన్ మూల ‘ఇన్‌పుట్’ అని మెరుస్తూ ఉన్నంతసేపు కార్డ్‌ని ముట్టుకోవద్దు.

నాలుగో స్టెప్ జాగ్రత్తగా చూడండి. ఎఫ్ సెట్‌కి ఇచ్చేది లిస్ట్‌లోని వరస నంబర్, ప్రోగ్రామ్ నంబర్ కాదు. కార్డ్‌లో ఇరవై పాత ఫైల్స్ ఉంటే 7 బదులు 8 కొట్టడానికి ఎంతసేపు? ఓ సెట్‌లో మీరు 2150 అని ఇస్తే ఆ తప్పు ఫైలే 2150 పేరుతో మెమరీలో కూర్చుంటుంది. అందుకే ఇప్పుడు మా కార్డ్‌లో ఆరోజు కావాల్సిన ఫైల్ తప్ప ఇంకోటి ఉండదు.

రెండు అలారాలు, రెండు పాఠాలు

073: ఆ నంబర్ ముందే ఉంది. దీన్ని రీసెట్ కొట్టి వదిలేస్తే ఏమవుతుందో పైన చెప్పా. పాత ప్రోగ్రామ్ ఇక అక్కర్లేదని ఖాయం చేసుకుని, డిలీట్ చేసి, మళ్లీ చదివించాలి. పారామీటర్ 3201లో ఒక బిట్ మారిస్తే అడగకుండా పాతదాని మీదే రాసేస్తుంది. సౌకర్యమే కానీ మేం పెట్టలేదు. ఆ అలారమే మాకు చివరి హెచ్చరిక. దాన్ని ఆపేయడం కన్నా దాని అర్థం ప్యానెల్ పక్కన తెలుగులో రాసి అంటించడం మంచిదనిపించింది.

070: మెమరీలో చోటు లేదు. ఇది చూసి కంగారుగా అన్ని ప్రోగ్రామ్‌లూ ఒకేసారి డిలీట్ చేసే కమాండ్ వాడకండి. 9000 సిరీస్ మాక్రోలకు లాక్ లేకపోతే అవీ పోతాయి. తర్వాత టూల్ మారదు, సర్వీస్ ఇంజినీర్ కోసం పడిగాపులు. పాతవి ఒక్కొక్కటే కార్డ్‌లోకి తీసి పెట్టుకుని, అప్పుడు డిలీట్ చేయండి.

ఇంతకీ మెమరీ ఎంత ఉంటుంది? ఈ మెషీన్ల స్పెక్ షీట్‌లో మెమరీ మీటర్లలో కనిపిస్తుంది. 640 మీటర్లు అని ఉంటే 256 కేబీ అని లెక్క. కాగితం టేపు మీద అంగుళానికి 10 అక్షరాలు పట్టేవి, అంటే మీటర్‌కి సుమారు 394. 640తో గుణించి చూడండి, లెక్క సరిపోతుంది. నా ఫోన్‌లో 256 జీబీ, ఆ మెషీన్‌లో 256 కేబీ. పది లక్షల రెట్లు తేడా. అయినా ఇరవై ఏళ్ల నుంచి మైక్రాన్లలో లెక్క తప్పకుండా కోస్తోంది.

ఫైల్ పెద్దదైతే: కార్డ్ నుంచే నడపడం

అచ్చుల పని, వంపులు తిరిగిన సర్ఫేస్‌ల పని అయితే ప్రోగ్రామ్ చాలా ఎంబీలు ఉంటుంది. అది మెమరీలో పట్టదు. అప్పుడు డీఎన్‌సీ పద్ధతి. మెషీన్ కార్డ్ నుంచి కొంచెం కొంచెం చదువుతూ కోస్తూ పోతుంది. దీనికి ఐ/ఓ ఛానల్ 4తో పాటు పారామీటర్ 138లో 7వ బిట్ 1 ఉండాలి. రిమోట్ మోడ్‌లో ఫైల్ ఎంచుకుని సైకిల్ స్టార్ట్. ఈ పద్ధతిలో ప్రోగ్రామ్‌లో వెనక్కి దూకే లూప్‌లు పని చేయవు.

ఇక్కడ కార్డ్ క్వాలిటీకి నిజమైన పరీక్ష. మామూలుగా కార్డ్ పని ఒక నిమిషం. డీఎన్‌సీలో జాబ్ ఆరు గంటలైతే ఆరు గంటలూ అది లూజ్ కాకుండా ఉండాలి. మధ్యలో కాంటాక్ట్ పోతే టూల్ పీసులోనే ఆగుతుంది. అందుకే మూత పూర్తిగా మూసుకునేంత పొట్టి అడాప్టర్ వాడండి. బయటికి పొడుచుకొచ్చిన కార్డ్‌కి ఎవరి మోచెయ్యో తగలడానికి ఒక్క క్షణం చాలు.

అసలు విషయం: వెళ్లిన ఫైల్ అదేనా?

సాఫ్ట్‌వేర్‌లో మేం కోడ్ సర్వర్‌కి పంపాక ఏ వెర్షన్ నడుస్తోందో చెక్ చేయకుండా ఇంటికి వెళ్లం. తప్పయితే పాత వెర్షన్‌కి తిరిగి వెళ్లొచ్చు. ఇక్కడ కోసిన లోహాన్ని మళ్లీ అతికించలేం. అలాంటి చోట నేను చెక్ చేయకపోవడమే సిగ్గనిపించింది. ఇప్పుడు మేం నాలుగు పనులు చేస్తున్నాం.

మొదటిది, రివిజన్ పేరు. ప్రోగ్రామ్ నంబర్ పక్కనే బ్రాకెట్లలో కామెంట్ రాస్తే, అది మెషీన్‌లోని ప్రోగ్రామ్‌ల లిస్ట్‌లోనూ కనిపిస్తుంది. పార్ట్ పేరు, డ్రాయింగ్ రివిజన్ అందులో ఉంటాయి. ఆపరేటర్ అన్న చేతిలోని డ్రాయింగ్ మీదున్న రివిజన్, స్క్రీన్ మీదున్నది కలిస్తేనే సైకిల్ స్టార్ట్.

రెండోది, వెనక్కి తీసి పోల్చడం. మెషీన్‌లోకి చదివించాక అదే ప్రోగ్రామ్‌ని ‘పంచ్’ కమాండ్‌తో మళ్లీ కార్డ్‌లోకి రాయిస్తాం. పీసీలో విన్‌మెర్జ్ లాంటి టూల్‌తో అసలు ఫైల్‌తో పోలుస్తాం. స్పేస్‌లు, లైన్ చివర్లు మారొచ్చు కాబట్టి వాటిని పట్టించుకోవద్దని సెట్టింగ్ పెట్టాలి. మిగతాదంతా అక్షరం పొల్లుపోకుండా కలవాలి. దీనికి రెండు నిమిషాలు పడుతుంది.

మూడోది, కార్డ్‌లో వేసే ముందే చెక్. పైథాన్‌లో చిన్న స్క్రిప్ట్ రాశా. మొదట, చివర % ఉందా, నంబర్ సరైనదేనా, చిన్న అక్షరాలు, వింత గుర్తులు ఉన్నాయా, సైజ్ మెమరీలో పడుతుందా అని చూస్తుంది. పాస్ అయితేనే కార్డ్‌లోకి కాపీ చేస్తుంది, పాత ఫైల్స్ తీసేస్తుంది.

నాలుగోది పాత పద్ధతే. మొదటి పీసుకి ముందు టూల్‌ని పైకి ఎత్తి డ్రై రన్, తర్వాత సింగిల్ బ్లాక్‌లో మొదటి కొన్ని కదలికలు. ఫైల్ సరైనదని రుజువైనా ఆఫ్‌సెట్ తప్పు ఉండొచ్చు కదా.

అదే కార్డ్‌తో బ్యాకప్ కూడా

చాలామంది పట్టించుకోనిది ఇదే. ఈ కంట్రోలర్‌లో ప్రోగ్రామ్‌లు, పారామీటర్లు, ఆఫ్‌సెట్లు బ్యాటరీ మీద బతికే ఎస్‌ర్యామ్‌లో ఉంటాయి. స్క్రీన్ కింద ‘బ్యాట్’ అని మెరిస్తే అది అలంకారం కాదు. బ్యాటరీ చచ్చిపోతే అవన్నీ పోతాయి. పాత మెషీన్‌కి పారామీటర్లు మళ్లీ సంపాదించడం అంటే చిన్న పని కాదు.

బ్యాకప్ ఇలా. స్క్రీన్ కింద కుడి చివరి రెండు బటన్లు కలిపి నొక్కి పట్టుకుని మెషీన్ ఆన్ చేస్తే బూట్ మెనూ వస్తుంది. అందులో ఎస్‌ర్యామ్ డేటా ఆప్షన్‌లోకి వెళ్లి, సీఎన్‌సీ నుంచి మెమరీ కార్డ్‌కి అనే లైన్ ఎంచుకోవాలి. దాని పక్కనే కార్డ్ నుంచి సీఎన్‌సీకి రాసే లైన్ ఉంటుంది. అది నొక్కితే పాత డేటా వచ్చి కొత్తదాని మీద కూర్చుంటుంది. ఒకటికి రెండుసార్లు చదవండి. ఆ బ్యాకప్ కార్డ్ రోజూ వాడే కార్డ్ కాకూడదు. పీసీలో ఒక కాపీ, క్లౌడ్‌లో ఒక కాపీ. బ్యాటరీ మార్చే పద్ధతి మీ మెషీన్ మాన్యువల్‌లో చూసి, బ్యాకప్ తీసుకున్నాకే మార్చండి.

కార్డ్ కాకుండా వేరే దారులు?

సీరియల్ కేబుల్: 9600 బాడ్ దగ్గర 256 కేబీ ఫైల్ వెళ్లడానికి సుమారు 5 నిమిషాలు. కార్డ్‌తో పోలిస్తే నత్తనడక. కానీ కార్డ్ స్లాట్ పాడైతే ఆదుకునేది ఇదే. యూఎస్‌బీ: కొత్త ఫానక్‌లలో ఛానల్ 17 పెడితే చాలు, సీమెన్స్ 828డీ లాంటి వాటిలో ముందు ప్యానెల్‌లోనే పోర్ట్ ఉంటుంది. సౌకర్యం ఎక్కువ. కానీ అందరి జేబులో తిరిగే పెన్ డ్రైవ్‌నే మెషీన్‌కి వాడకండి, దానికి ఒకటి విడిగా ఉంచండి. ఈథర్‌నెట్: మెషీన్లు నాలుగైదు ఉంటే ఇదే బెస్ట్, ఫైల్స్ అన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉంటాయి. ఒక్క పాత మెషీన్ ఉన్న షాపుకి మాత్రం మంచి 2 జీబీ కార్డ్‌లు రెండు, అడాప్టర్లు రెండు, ఒక కార్డ్ రీడర్ సరిపోతాయి.

ఏ దారిలో పంపినా పైన చెప్పిన నాలుగు చెక్‌లూ అవసరమే. కేబుల్ మార్చినంత మాత్రాన పాత ప్రోగ్రామ్ కొత్తది అయిపోదు.

ఆ నాలుగు పీసుల డబ్బు బాబాయ్ కస్టమర్‌కి కట్టాడు. నేను ఆపరేటర్ అన్నకి సారీ చెప్పా. “ఇప్పుడు ఆ అలారం అర్థమేందో రాసి పెట్టినవ్ కదా, ఇంకేంది” అన్నాడు. ఇప్పుడు కార్డ్ ఇవ్వగానే ఆయన ముందు లిస్ట్ తెరిచి రివిజన్ చదివి వినిపిస్తాడు, నేను డ్రాయింగ్ చూసి ఔనంటా. ఆ తర్వాతే సైకిల్ స్టార్ట్.